నా బరువు నేను ఎత్తలేకపోయిన రోజు

మా భౌతికశాస్త్రం పుస్తకంలో ఒక బొమ్మ ఉండేది. అడ్డకడ్డీ పట్టుకుని ఒక మనిషి వేలాడుతుంటాడు. నడుము దగ్గర నుంచి కిందికి ఒక బాణం, చేతుల దగ్గర నుంచి పైకి ఒక బాణం. కింది బాణం అతని బరువు. పై బాణం కడ్డీ అతన్ని పైకి లాగే బలం. రెండూ సమానమైతే మనిషి కదలకుండా వేలాడతాడు, పైది కాస్త ఎక్కువైతే లేస్తాడు. పీయూసీలో ఈ ప్రశ్నకు నాకు మంచి మార్కులే వచ్చాయి. ఆ బొమ్మ గీసినాయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. అందులోని మనిషికి కడుపు గీయలేదు. పొద్దున ఏం తిన్నాడో, అసలు తిన్నాడో లేదో ఏ బాణమూ చెప్పదు.

డెబ్బైల మొదట్లో నేను గోదావరిఖనిలో అక్కాబావల ఇంట్లో దిగాను. పీయూసీలో ఫిజిక్సు గట్టెక్కించి ఇంగ్లీషు ముంచింది. ఊళ్ళో మాకున్నది రెండెకరాల చెలక. వాన పడితే జొన్నలు, పడకపోతే ఆకాశం వైపు చూడడం. అన్నకు పిల్లలు ఎక్కువ. నేను బస్సెక్కేటప్పుడు సంచి అందిస్తూ అన్న ఒక మాట అన్నాడు.

"తమ్మీ, బాయిల నౌకరి దొరికితె మంచిదే. దొరకకుంటె గూడ ఆడ్నే ఏదన్న జూసుకో. ఇంటికాడ నీ కంచం పెట్టే జాగ లేదు."

మా వైపు బొగ్గుగనిని బాయి అంటారు. అన్న కఠినుడేమీ కాదు. ఉన్న జొన్నలను ఉన్న నోళ్ళతో భాగించి, వచ్చిన జవాబు నాకు చెప్పాడు. లెక్క తప్పని నేనూ అనలేకపోయాను.

బావ బాయి లోపల బొగ్గు నింపే కార్మికుడు. తట్టా, చెమ్మస్ అనే పారా పట్టి పట్టాల మీది టబ్బులు నింపీ నింపీ ఆయన భుజాలు తలుపు చెక్కల్లా తయారయ్యాయి. నోరు భుజాల కన్నా బలమైనది. షిఫ్టు దిగి, ఒళ్ళు కడుక్కుని, క్వార్టరు గడప ముందు కూర్చున్నాడంటే ఈ లోకంలో ఆయనకు తెలియని సంగతి ఉండేది కాదు. నన్ను భర్తీ చేయించే బాధ్యత తానే నెత్తిన పెట్టుకున్నాడు.

"నీకేం ఫికర్ లేదు బామ్మర్ది, నేనున్న గద" అన్నాడు. నా ఫికర్ సరిగ్గా అక్కడే మొదలైంది.

భర్తీ అంటే ముందు తూకం. ఏ బాయి, ఏ ఆఫీసు అని అడగకండి, చెప్పను. ఆ ఆఫీసు ముందర ఎక్కి నిలబడే తూకం యంత్రం ఒకటి ఉండేది. దాని ముఖం మీద ఎర్రరంగుతో ఒక గీత. ముల్లు ఆ గీతను తాకితేనే బొగ్గు నింపే పనికి పనికొస్తావు. తాకకపోతే వెనక్కి తిరగడమే. మా ఊళ్ళో ఆ గీత తాకగలిగేవాళ్ళు పటేల్ ఇంట్లోనే ఉండేవాళ్ళు. మిగతావాళ్ళం గట్క తిని, అంబలి తాగి, గీతకు చాలా ఇవతలే ఆగిపోయే జనం. తిండి కోసం నౌకరి వెతుక్కునేవాడితో, బాగా తిన్న ఒళ్ళుంటేనే నౌకరి ఇస్తామనడం ఏ పెద్దమనిషికి తట్టిన ఆలోచనో గాని, ఆ బుర్రకు దండం పెట్టాలి.

అయితే మా జనం తక్కువ తిన్నారేమో గాని, తెలివి తక్కువవాళ్ళు కాదు. తూకానికి ఒక ఆచారం కనిపెట్టారు. తూకం రోజు పొద్దున్నే బస్టాండు దగ్గర అరటిపండ్ల బండి చుట్టూ చేరేవాళ్ళు. కూర్చుని గెల సగం ఖాళీ చేసేవాళ్ళు. మధ్యమధ్యలో ఉప్పు పల్లీలు, ఎందుకంటే ఉప్పు తింటే దాహం వేస్తుంది, దాహం వేస్తే నీళ్ళు పడతాయి. ఆపైన చెంబుల కొద్దీ నీళ్ళు. ఇందులో శాస్త్రం నిఖార్సైనది. చెంబెడు నీళ్ళు చెంబులో ఉన్నా కడుపులో ఉన్నా బరువు ఒకటే, భూమి రెంటినీ ఒకే తీరుగా లాగుతుంది. అలా నిండుకుండల్లా నడుచుకుంటూ వెళ్ళి తూకం ఎక్కేవాళ్ళు. ముల్లు గీతను తాకేది. దిగి, ఆఫీసు గోడ వెనక్కి పోయి, గొంతులో వేలు పెట్టుకుని కొంత, ఇంకో దారిన కొంత వదిలించుకుని, చొక్కా సర్దుకుని వచ్చి మిగతా పరీక్షలకు నిలబడేవాళ్ళు. ఎండాకాలంలో కూడా ఆ గోడ వెనక గడ్డి పచ్చగా ఉండేది. గుమాస్తాలకు ఈ సంగతి తెలుసు. వాళ్ళలో కొందరు ఆ గోడ వెనక నుంచి వచ్చినవాళ్ళే.

ఇలా నడుస్తున్న కాలంలో భర్తీ చూడడానికి కొత్త ఆఫీసరు వచ్చాడు. పటాలంలో చేసి వచ్చినవాడు. బూట్లు అద్దంలా మెరిసేవి, మెడలో ఈల వేలాడేది. ఆయన వచ్చీ రాగానే రెండు ఇనుప స్తంభాలు పాతించి, మీద ఒక అడ్డకడ్డీ బిగించాడు. బొగ్గు నింపడానికి వచ్చినవాడు ఆ కడ్డీ పట్టుకుని, గడ్డం కడ్డీ పైకి వచ్చేదాకా తనను తాను లాగాలి. మూడుసార్లు. "తన బరువు తాను ఎత్తలేనివాడు బొగ్గేం ఎత్తుతాడు?" అన్నది ఆయన సిద్ధాంతం. వినడానికి బాగుంది. బొగ్గు నింపేవాడు నడుము వంచి కింది నుంచి ఎత్తుతాడు, కోతిలా పైనుంచి వేలాడడు అని ఆయనకు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఆయన ఒక్కసారైనా ఆ కడ్డీ పట్టుకోగా ఎవరూ చూడలేదు.

కడ్డీ సంగతి వినగానే బావ నా గురువైపోయాడు. ఆయన మొదటి సూత్రం, ఊపిరి బిగబడితే బరువు తగ్గుతుందని.

"బావా, ఊపిరికీ బరువుకూ సంబంధం లేదు" అన్నాను.

"నువ్వు సదివింది కాయితం మీద. చెరువుల ఊపిరి బిగబట్టినోడు తేల్తడా లేదా?"

నీళ్ళు వేరు, గాలి వేరు అని చెప్పబోయాను. అప్పటికే ఆయన రెండో సూత్రంలోకి వెళ్ళిపోయాడు. చేతులు ఎంత ఎడంగా పెట్టి పట్టుకుంటే అంత బలమట, పహిల్వాన్లు అట్లనే పడతారట. నిజానికి చేతులు నిటారుగా ఉంటే చెరి సగం బరువు మోస్తాయి. ఎడం చేసినకొద్దీ రెండు చేతులూ ఒకదాన్నొకటి పక్కలకు గుంజుకుంటూ బలం వృథా చేస్తాయి, ఒక్కో చేతి మీద పడే లాగుడు సగం కన్నా ఎక్కువవుతుంది. ఇదంతా ముగ్గుపిండితో గచ్చు మీద బాణాలు గీసి చూపించాను. బావ ఆ బాణాలను చాలాసేపు చూసి, "గీతలు మంచిగ గీస్తవురా" అని మెచ్చుకున్నాడు. ఆయన ఇంట్లో, ఆయన తెచ్చిన గుడ్లు తింటున్నాను కాబట్టి ఆయన ముందు చేతులు ఎడంగానే పెట్టేవాడిని.

మూడో సూత్రం గిలక. బావ ఎక్కడి నుంచో పాత ఇనుప గిలక పట్టుకొచ్చి ఇంటి ముందరి వేపకొమ్మకు కట్టాడు. తాడు ఒక చివరకు పీట కట్టి నన్ను కూర్చోబెట్టాడు. రెండో చివర నా చేతికే ఇచ్చి గుంజుకోమన్నాడు. గుంజాను. సులువుగా పైకి పోయాను. బావ క్వార్టర్ల లైను మొత్తానికి వినబడేలా అరిచాడు.

"సూడుండ్రి! మా బామ్మర్ది తన్ను తానే లేపుకుంటున్నడు!"

క్వార్టర్లలో వాళ్ళంతా వచ్చి చూశారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. అక్కడ జరిగింది వేరే. పీటను పట్టుకున్న తాడు ఒక పక్క, నా చేతిలో ఉన్న తాడు ఒక పక్క, నా బరువును రెండు తాళ్ళూ పంచుకుంటున్నాయి. నేను గుంజేది సగం బరువే. అందుకు బదులుగా మూరెడు పైకి పోవడానికి రెండు మూరల తాడు గుంజాలి. కిందికి దిగి బావకు ఇదే చెప్పాను.

"అంటె నన్ను ఇద్దరు మోస్తున్నట్టు బావా."

"ఇంకోడేడి? నువ్వొక్కనివే గద ఉన్నది?"

"నేనే ఇద్దరు."

గడపలో జొన్నలు చెరుగుతున్న అక్క తల ఎత్తకుండానే అంది. "గందుకేనా తమ్మీ, ఇద్దరి తిండి తింటున్నవు?"

ఆ పూట నేను గుడ్డు వద్దన్నాను. అక్క నవ్వి, రెండు గుడ్లు పెట్టింది.

బావ షిఫ్టుకు వెళ్ళాక అసలు సాధన చేసేవాణ్ణి. గిలక విప్పి, అదే కొమ్మను చేతులు దగ్గరగా పెట్టి పట్టుకునేవాణ్ణి. మొదట్లో కాళ్ళు నేల విడిచేవి, గడ్డం మాత్రం కొమ్మ మొహం చూసేది కాదు. మెల్లగా ఒకసారి, కొన్నాళ్ళకు రెండుసార్లు, చివరికి పరగడుపున మూడుసార్లు లేవగలిగాను. మూడోసారి లేచిన పొద్దు కళ్ళ ముందు చుక్కలు కనిపించాయి, కానీ గడ్డం కొమ్మ దాటింది. నాకు పట్టరాని సంతోషం కలిగింది. వెంటనే ఆ సంతోషంలో ఉన్న తిరకాసు కూడా అర్థమైంది. పరగడుపున కడ్డీ గెలుస్తాను, తూకం ఓడిపోతాను. కడుపు నిండా తింటే తూకం గెలుస్తాను, కడ్డీ ఓడిపోతాను. నా నౌకరి అంతా ఆ రెంటి మధ్య ఉన్న ఆఫీసు గోడ మీద ఆధారపడి ఉంది.

భర్తీ రోజు వచ్చింది. అరటిపండ్ల బండి దగ్గర నా పక్కన ఇంకో బక్కాయన కూర్చున్నాడు. నాకన్నా పెద్దవాడు, గోదావరి అవతలి ఊరు. ఒక్కో పండు తొక్క తీసి, రెండు ముక్కల్లో మింగి, తొక్కను పక్కన పెట్టేవాడు. ఆయన ముందర తొక్కల కుప్ప చూసి నాకు ధైర్యం వచ్చింది. ఇద్దరం పోటీ పడి నీళ్ళు తాగాం. నడుస్తుంటే కడుపులో నీళ్ళు కదలడం నాకే వినబడింది.

"తమ్మీ, నవ్వియ్యకు" అన్నాడాయన. "నవ్వితె పోత."

ఆఫీసు ముందుకు వెళ్ళేసరికి ఆఫీసరు మమ్మల్ని వరసగా నిలబెట్టాడు. చూస్తే తూకం యంత్రాన్ని తీసుకెళ్ళి కడ్డీ పక్కనే పెట్టించాడు. తూకం దిగితే ఒక్క అడుగులో కడ్డీ. ఎందుకంటే, మనుషులు అటూ ఇటూ తిరగడం ఆయనకు నచ్చదు. మా ఆచారం ఆయనకు తెలిసి చేసిన పని కాదు. తెలిస్తే కనీసం తెలివైనవాడని అనుకుని ఊరుకునేవాణ్ణి. బక్కాయనకు విషయం ముందే అర్థమైంది. చెయ్యెత్తాడు.

"సార్, ఒంటికి పోయొస్త."

"పరీక్ష అయ్యాక."

"జల్ది వస్త సార్."

ఆఫీసరు ఈల ఊదాడు. అదే జవాబు.

నా వంతు వచ్చింది. తూకం ఎక్కాను. ముల్లు వణికి, ఊగి, ఎర్రగీత మీద ఆగింది. గుమాస్తా నా వైపు జాలిగా చూశాడు. నేను కడ్డీ కిందికి నడిచి ఎగిరి పట్టుకున్నాను. భుజాలంత ఎడంలో, శాస్త్ర ప్రకారం.

ఆగి ఉన్న దాన్ని కదపడానికి దాని బరువు కన్నా కాస్త ఎక్కువ బలం కావాలి. కదిలాక, ఒకే వేగంతో పోతున్నంతసేపు బరువంతే చాలు. నేనొక తప్పు చేశాను, వేగంగా ముగిద్దామని ఒక్క గుంజు గుంజాను. ఎంత వేగంగా పోవాలనుకుంటే అంత ఎక్కువ బలం ఖర్చు. మొదటిసారి గడ్డం కడ్డీ దాటింది. దిగేటప్పుడు అరటిపండ్లు, పల్లీలు, చెంబులు చెంబులుగా తాగిన నీళ్ళు అన్నీ కలిసి నన్ను కిందికి గుంజాయి. ఆ ఊపుకు ఒళ్ళు ముందుకూ వెనక్కూ ఊగింది. ఊగే మనిషి ఊపు అట్టడుగుకు వచ్చినప్పుడు తన బరువు కన్నా ఎక్కువ బరువవుతాడు, ఆ సంగతి వేళ్ళకు తెలుస్తుంది. రెండోసారి ముక్కు కడ్డీని తాకింది. గడ్డం దాటలేదు. ఊపిరి కూడా బిగబట్టి చూశాను, సిగ్గు విడిచి చెబుతున్నాను, బావ సూత్రమైనా పనికొస్తుందేమోనని. ఏమీ తగ్గలేదు. ఇంటి దగ్గర కంచం పెట్టే జాగ లేదన్న అన్న మాట గుర్తొచ్చి ఇంకోసారి గుంజాను. మోచేతులు వంగను కూడా వంగలేదు. వేళ్ళు వాటంతట అవే జారిపోయాయి.

తరువాత బక్కాయన ఎగిరాడు. పాపం, ఒక్కసారీ లేవలేదు. వేలాడుతూనే వాంతి చేసుకున్నాడు. ఆఫీసరు బూట్లకు అంటకుండా వెనక్కి జరిగాడు. అలా ఒకరి తరువాత ఒకరం కడ్డీ నుంచి పండ్లలా రాలిపోయాం. ఎవరికీ అరటిపండ్ల మాట బయటపెట్టే దారి లేదు, పెడితే తూకం కూడా పోతుంది. దాటినవాళ్ళు కొందరున్నారు. ఇంట్లో పాడి ఉన్నవాళ్ళు, తూకానికి పండ్లు తినాల్సిన పని లేనివాళ్ళు. మా ఊరి పటేల్ కొడుకు మూడుసార్లూ లేచి, నవ్వుతూ దిగాడు. అతనికి నౌకరి అవసరం ఎంతుందో, మొదటి జీతం అందుకోగానే పని మానేసి ఊరికి పోవడంతో తెలిసింది.

ఆఫీసరు మా వైపు చూసి గుమాస్తాతో అన్నాడు. "ఈ చుట్టుపక్కలవాళ్ళకు తిండి మీద ఉన్న ధ్యాస ఒంటి మీద లేదయ్యా. బలం లేదు."

ఇంటికి వెళ్ళేసరికి బావ గడప మీద కూర్చుని ఉన్నాడు. అడగకుండానే ముఖం చూసి తెలుసుకున్నాడు.

"చేతులు దగ్గర వెట్టినవ్ గద?" అన్నాడు.

ఔనన్నాను. "జెప్పిన ఇంటివా?" అని లైనంతా తిరిగి అదే కారణం చెప్పుకొచ్చాడు. ఆయనకు బాధ లేదని కాదు. బాధకన్నా ముందు ఒక కారణం కావాలి ఆయనకు. అక్క అన్నం పెడుతూ, "ఊరికి పోయేది లేదు తమ్మీ, ఈడ్నే ఏదన్న పని జూద్దాం" అంది. నేను కంచంలోకి చూస్తూ ఏడ్చాను. అంత తిని ఓడిపోయిన తరువాత మళ్ళీ తినాలంటే నాకు సిగ్గేసింది.

పని వెతకడానికి ఎక్కువ తిరగలేదు. బాయి నుంచి వచ్చిన బొగ్గును రైలు సైడింగు దగ్గర వ్యాగన్లలోకి ఎత్తే పని గుత్తేదారు చేతిలో ఉండేది. మేస్త్రి నన్ను కింది నుంచి పైకి ఒకసారి చూసి, "పొద్దుగాల్ల రా" అన్నాడు. తూకం లేదు, కడ్డీ లేదు, ఈల లేదు. వెళ్ళి చూస్తే అక్కడ బక్కాయన ముందే ఉన్నాడు. నాతోపాటు కడ్డీ నుంచి రాలినవాళ్ళు చాలామందే ఉన్నారు.

నేల మీద నుంచి వ్యాగను పైకి ఒక పలక వేసి ఉంటుంది. బొగ్గు నింపిన గంప నెత్తిన పెట్టుకుని ఆ పలక ఎక్కాలి, కుమ్మరించాలి, దిగాలి. ఎక్కిన ప్రతిసారీ గంపనే కాదు, గంపతోపాటు నన్ను కూడా నేను అంత ఎత్తుకు ఎత్తుకుంటున్నాను. మనిషి తన బరువు తాను ఎత్తడమంటే నిజానికి ఇదే. కడ్డీ మీద మూడుసార్లు చేయలేనిది పలక మీద పొద్దంతా చేస్తున్నాను, పైన గంపతో. ఆడవాళ్ళు కూడా చేస్తున్నారు, మాట్లాడుకుంటూ, ఒకరిమీద ఒకరు పరాచికాలాడుకుంటూ. బొగ్గు అదే బొగ్గు. బావ లోపల నింపిందే మేము బయట ఎత్తుతున్నాం. కూలి మాత్రం బావ జీతం పక్కన నిలబెట్టి చూపించేలా ఉండేది కాదు. జ్వరమొస్తే దవాఖాన లేదు, పండగొస్తే సెలవు లేదు.

వానలు పడ్డాక ఒకరోజు వ్యాగన్లు ఆలస్యమవుతున్నాయని అదే ఆఫీసరు జీపులో సైడింగుకు వచ్చాడు. బొగ్గుపొడి, వాననీళ్ళు కలిసి అక్కడంతా నల్లటి బురద. జీపు వెనక చక్రాలు అందులో దిగబడ్డాయి. డ్రైవరు ఎంత తొక్కితే అంత లోతుకు పోయాయి. ఆఫీసరు ఈల ఊది మమ్మల్ని పిలిచాడు. వెళ్ళి వెనక వైపు వంగి పట్టుకున్నాం.

బక్కాయన మర్యాదగానే అడిగాడు. "సార్, తమరు దిగితె జర అల్కగైతది."

ఆఫీసరు కింద బురదను చూశాడు, తన బూట్లను చూసుకున్నాడు. "నేనొక్కణ్ణి ఎంత బరువయ్యా? కానివ్వండి."

శాస్త్రానికి అన్యాయం చేయకూడదు. ఆయన ముందు సీట్లో ఉన్నాడు కాబట్టి ఆయన బరువంతా మా మీద పడలేదు, కొంత ముందు చక్రాలు పంచుకున్నాయి. మిగతాది మేము పంచుకున్నాం. మేస్త్రి "హైసా" అన్నాడు. అందరం ఒక్కసారే లేపాం. బురద చప్పుడు చేసి చక్రాలను వదిలింది. జీపు వెనక భాగం గాలిలోకి లేచింది. డ్రైవరు కిందికి దూకి, చక్రాల కింద పెట్టడానికి రాళ్ళ కోసం పరుగెత్తాడు.

అప్పుడు ఆఫీసరు సీట్లో నుంచి వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాడు. మాలో ఒక్కరినీ ఆయన గుర్తుపట్టలేదు. ముఖం నిండా నవ్వాడు.

"శభాష్! ఇంత బలం ఉంచుకుని ఈ గుత్తేదారు దగ్గర కూలి పనేంటయ్యా మీకు? బాయిలో భర్తీకి రాకూడదూ?"

నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. చేతులు తీసేస్తే చాలు, ఆయనా జీపూ మళ్ళీ ఆ బురదలో ఉంటారు. పక్కన బక్కాయన నా ముఖంలోకి చూశాడు, ఆయనకూ అదే ఆలోచన వచ్చిందని తెలిసింది. కానీ డ్రైవరు రాళ్ళు తెచ్చి చక్రాల కింద సర్దేదాకా మేమెవరమూ చేతులు తీయలేదు.